రెండు టక్కుల పరికిణీ

మా బోర్డింగులో కుట్టు హాలు చివర, కిటికీ పక్కన, ఒక పాత టేకు బీరువా ఉండేది. దానికి ఎప్పుడూ తాళం వేసేవాళ్ళు కాదు. తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టేది. పై అరలో పసిపిల్లల చొక్కాలు, మధ్య అరల్లో పరికిణీలు, జాకెట్లు, లాగులు, అన్నిటికంటే కింద చీరలు, పంచెలు. అన్నీ ఎవరెవరో ఇచ్చిన పాతబట్టలే. అయినా ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి మడతపెట్టిన తీరు చూస్తే పాతవని ఎవరూ అనుకోరు. యాభై ఏళ్ళు కావస్తున్నా, కాన్వెంటు అనే మాట వినబడితే నాకు ముందు ఆ వాసనే గుర్తొస్తుంది. గుడి గంట, ప్రార్థనలు, పరీక్షలు అన్నీ ఆ తర్వాతే.

1976లో నాన్న నన్ను గుంటూరులో సిస్టర్ల స్కూల్లో ఆరో తరగతిలో చేర్పించారు. మాది పొన్నూరు వైపు పల్లెటూరు, మూడెకరాల మాగాణి. మేం హిందువులం. ఆడపిల్లని అంత దూరం, అందులోనూ కాన్వెంటులో పెడతావా అని మా నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. "సిస్టర్ల దగ్గర వదిలితే మన ఇంట్లో వదిలినట్టే" అన్నారు నాన్న. మా జిల్లాలో చాలామంది రైతులకు అప్పట్లో ఆ నమ్మకం ఉండేది. ఊరికే వచ్చింది కాదది. జీసస్ మేరీ జోసెఫ్ సభ అని 1822లో హాలెండ్‌లో మత్తియాస్ వోల్ఫ్ అనే జెస్యూట్ గురువు స్థాపించిన సభ ఒకటుంది, అందరూ జె.ఎం.జె. అంటారు. ఆ సిస్టర్లు 1904లో సముద్రం దాటి గుంటూరు వచ్చారు. ఆసుపత్రి పెట్టారు, ఆడపిల్లలకు బడి పెట్టారు. మా నాయనమ్మ కూడా తర్వాత ఒప్పుకుంది, తన చెల్లెలి పురుడు ఆ సిస్టర్ల చేతుల మీదే జరిగిందని.

బోర్డింగులో పొద్దున 5 గంటలకు గంట కొట్టేవాళ్ళు. క్యాథలిక్ పిల్లలు తలమీద ముసుగులు వేసుకుని పూజకు వెళ్తే, మేం స్టడీ హాల్లో చదువుకునేవాళ్ళం. స్నానాలకి సిమెంటు తొట్ల దగ్గర క్యూ. ట్రంకు పెట్టె, దాని తాళంచెవి మెడలో నల్లతాడుకి, పేరు చెక్కించిన స్టీలు పళ్లెం, గ్లాసు. మా ఆస్తి అంతే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పుచారు, గోంగూర పచ్చడి, ఆదివారం మాంసం కూర. మధ్యాహ్నం 12 గంటలకు త్రికాల జపం గంట మోగితే వంటామె గరిటె పక్కన పెట్టి నిలబడిపోయేది. మతం పేరుతో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. కానీ ఆ గంటకు నిలబడడం మాకూ అలవాటైపోయింది. సెలవులకి ఇంటికెళ్ళినా 12 కొట్టగానే నేను ఒక్క క్షణం ఆగేదాన్ని. అమ్మ వింతగా చూసేది.

అన్నిటికంటే నాకు నచ్చింది పిడికిలి బియ్యం. క్యాథలిక్ ఇళ్ళల్లో అన్నం పొయ్యి మీద పెట్టే ముందు కొలిచిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారం తిరిగేసరికి అది గుడికి చేరుతుంది, అక్కడి నుంచి లేనివాళ్ళకు. మా స్కూల్లో దాన్నే పిల్లలకి నేర్పారు. డే స్కాలర్లు శుక్రవారం చిన్న గుడ్డసంచుల్లో, హార్లిక్స్ సీసాల్లో బియ్యం తెచ్చేవాళ్ళు. మేం బోర్డర్లం ఏం తేగలం? మా వంటగదిలో ఎసరు పెట్టేటప్పుడు రోజుకొక క్లాసు పిల్ల వెళ్ళి, అందరి తరఫున నాలుగు పిడికిళ్ళు తీసి డబ్బాలో పోసేది. నా వంతు వచ్చిన రోజు నా పిడికిలి చిన్నదని బాధపడి ఐదోది కూడా తీశాను. వంటామె చూసి నవ్వింది, ఏమీ అనలేదు. మిగిలిపోయిన బియ్యం ఇవ్వడం కాదు అది, వండుకునేదాంట్లోంచే తీయడం. ఆ తేడా అప్పుడు నాకు మాటల్లో తెలియదు గానీ చేతికి తెలిసింది.

శనివారం సాయంత్రం ఆ బియ్యం పట్టుకుని ముసలమ్మల షెడ్డుకి వెళ్ళేవాళ్ళం. ఎవరూ లేని పదిహేను, ఇరవై మంది అక్కడ ఉండేవాళ్ళు. బియ్యం ఇచ్చేసి తిరిగొస్తే కుదరదు. గోళ్ళు తీయాలి, తలకి కొబ్బరినూనె రాసి దువ్వాలి, పేలు చూడాలి. ఒక ముసలమ్మకి చూపు లేదు. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టినట్టు తడిమి, "నువ్వు పొన్నూరు పిల్లవి కదూ" అనేది ప్రతి వారమూ. ఒకసారి నాకు జ్వరమొచ్చి వెళ్ళలేకపోతే, నాకోసం దాచిన బెల్లం ముక్క కాగితంలో చుట్టి నా స్నేహితురాలితో పంపింది. ఆమెకి వారానికి ఒక్కసారి బెల్లం ఇచ్చేవాళ్ళని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఇక కుట్టు సిస్టర్. పేరు రాయను. ఆవిడది హాలెండ్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఓడెక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఉండిపోవడానికి వెళ్ళలేదు. గుంటూరు యాసలో గడగడా మాట్లాడేది, 'ళ' మాత్రం పలికేది కాదు. పల్లెం, నీల్లు, పిల్లలు అన్నీ ఒకటే. తెలుగు సిస్టర్లు తెల్లచీరలు కట్టుకుంటే ఆవిడ మటుకు పాతకాలం తెల్ల అంగీలోనే ఉండేది. బీరువా ఆవిడదే. ఆ బీరువాకి రెండు రూల్సు పెట్టింది. మొదటిది: గుండీ లేని జాకెట్టు, నాడా లేని లాగు ఎవరికీ ఇవ్వకూడదు. "తీసుకున్న అమ్మ గుండీ ఎక్కడ కొంటుంది? కొనలేక పిన్నీసు పెట్టుకుంటుంది. పిన్నీసు చూసి అందరికీ తెలిసిపోతుంది" అనేది. అందుకని కుట్టు క్లాసులో మేం పువ్వులూ తీగలూ కుట్టడం తక్కువ, పాతబట్టలకి కాజాలు, హుక్కులు కుట్టడం ఎక్కువ. రెండో రూలు: ఇచ్చేశాక ఆ బట్ట ఎవరి ఒంటిమీద కనబడినా గుర్తుపట్టకూడదు. "మనం ఇచ్చింది మనది కాదు కదా సిస్టర్, గుర్తుపడితే ఏం?" అని ఎవరో అడిగితే, "గుర్తుపట్టకూడదు, అంతే" అంది. అప్పుడది మాకు ఒక ఆటలాగా అనిపించింది.

1977 నవంబరు 19, శనివారం. ముందురోజు నుంచే వాన. మధ్యాహ్నానికి గాలి ఎక్కువైంది. ఆ రోజు ముసలమ్మల దగ్గరికి పంపలేదు. సాయంత్రానికి గేటు దగ్గరి తురాయి చెట్టు వేళ్ళతో సహా లేచి ప్రహరీ మీద పడింది. డార్మిటరీ మీద పెంకులు ఒక్కొక్కటే ఎగిరిపోతుంటే మమ్మల్ని అందరినీ దుప్పట్లతో సహా గుడిలోకి తీసుకెళ్ళారు. కరెంటు లేదు. ఒక్క కొవ్వొత్తి. జపమాల మొదలైంది. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని వాళ్ళంటుంటే, ఆ జపం రానివాళ్ళం కూడా గొంతు కలిపాం. నా పక్కనున్న పిల్ల ఆంజనేయ దండకం చదువుతోంది. పెద్ద మదర్ గారు విని, ఆమె దుప్పటి సర్ది వెళ్ళారు.

దివిసీమ మాట తెలియడానికి రోజులు పట్టింది. ముందు గాలివాన అన్నారు, తర్వాత ఉప్పెన అన్నారు. తాటిచెట్టంత ఎత్తున సముద్రం లేచి ఊళ్ళ మీద పడిందన్నారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, సొర్లగొంది అని మేం ఎప్పుడూ వినని పేర్లు పేపర్లో రోజూ కనబడేవి. చనిపోయినవాళ్ళు దాదాపు 10,000 మంది అని ప్రభుత్వం లెక్క. అక్కడివాళ్ళెవరూ ఆ లెక్కతో ఒప్పుకోరు. పేపరు తీసుకుని కుట్టు సిస్టర్ హాల్లోకి వచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన దేశం గురించి మొదటిసారి చెప్పింది. హాలెండ్‌లో చాలా నేల సముద్రమట్టానికి కిందే ఉంటుందట, గట్లు కట్టుకుని బతుకుతారట. 1953లో ఫిబ్రవరి 1 తెల్లవారుజామున తుఫానుకి ఆ గట్లు తెగి 1,836 మంది పోయారట. అప్పుడు తను గుంటూరులోనే ఉంది. తమ్ముడు రాసిన ఉత్తరం చేరేసరికి అంతా అయిపోయింది. "నేను అప్పుడు ఏమీ చేయలేకపోయాను అమ్మా. ఒక్క గుండీ కూడా కుట్టలేకపోయాను" అంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత మూడు వారాలు స్కూలు స్కూల్లాగా లేదు. మొదటి రోజుల్లో వంటగదిలో గుండిగలకొద్దీ పులిహోర కలిపి అరటాకుల్లో, పైన పేపరు చుట్టి పొట్లాలు కట్టాం. పులిహోర అయితే రెండో రోజుకి కూడా పాడవదు. వేళ్ళు పసుపెక్కి వారం దాకా పోలేదు. నాలుగు ఆదివారాలు మాంసం కూర వద్దని బోర్డర్లమే వెళ్ళి మదర్ గారికి చెప్పాం. ఊళ్ళో సినిమావాళ్ళు జోలె పట్టి వస్తే డే స్కాలర్లు చెవులకున్న దిద్దులు తీసి వేశారని చెప్పుకున్నారు. మా దగ్గరికి మాత్రం బట్టల మూటలు వచ్చిపడ్డాయి. ఎన్నో చెప్పలేను, హాల్లో కాలు పెట్టే చోటు లేదు. ఉతికేవాళ్ళు ఉతుకుతుంటే మేం వరసగా కూర్చుని కుట్టేవాళ్ళం. లారీ వెళ్ళాల్సిన తొందర ఉన్నా సిస్టర్ ఒక్క జాకెట్టు కూడా హుక్కు లేకుండా పోనివ్వలేదు. "ఇల్లు పోయిన మనిషికి హుక్కు ఎందుకు సిస్టర్" అని ఒక టీచరు గారు విసుక్కున్నారు. "ఇల్లు పోయింది కాబట్టే" అంది.

ఆ రోజుల్లోనే ఒకనాడు, పెట్టెలోంచి తలా ఒక బట్ట తీసి ఇవ్వమన్నారు. ఏది అన్నది మా ఇష్టం. నా దగ్గర మూడు పరికిణీలుండేవి. చిరుగు పట్టినది తీయబోతే సిగ్గేసింది. దసరాకి అమ్మ కుట్టిన వంకాయరంగు పరికిణీ తీశాను. కింద పసుపుపచ్చ పట్టీ, పైన రెండు టక్కులు. ఎదిగే పిల్లకి రెండేళ్ళు రావాలని అమ్మ వేసిన టక్కులు. ఇచ్చేశాక ఆ రాత్రి ఏడ్చాను కూడా. మా ఊళ్ళో కోతకొచ్చిన వరి మొత్తం పడిపోయిందని, నాన్న నా ఫీజు కట్టలేదని తెలుసు. ఇక కొత్త పరికిణీ రాదనీ తెలుసు. ఆ ఏడాది ఫీజు ఎవరూ అడగలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక మా క్లాసులోకి ఒక కొత్త పిల్ల వచ్చింది. దివిసీమ నుంచి. అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు ఉప్పెనలో పోయారు. తాటిచెట్టు పట్టుకుని నాన్న, తనూ బతికారు. ఇవన్నీ మదర్ గారు మాకు ముందే చెప్పి, ఏమీ అడగొద్దన్నారు. నాకంటే పొడుగు. మాట తక్కువ. నీళ్ళ తొట్టి నిండుగా ఉంటే దగ్గరికి వెళ్ళేది కాదు, సగం అయ్యేదాకా ఆగి స్నానం చేసేది.

మొదటి ఆదివారం భోజనాల హాల్లో క్యూలో నా ముందు నిలబడింది. వంకాయరంగు పరికిణీ. తనకి పొడుగు చాలాలని సిస్టర్ రెండు టక్కులూ విప్పేసింది. టక్కుల లోపల ఉన్న గుడ్డకి ఎండ తగలదు కదా, అక్కడ రంగు వెలవకుండా రెండు ముదురు గీతలు అడ్డంగా అలాగే ఉన్నాయి. ఎన్ని వందల పరికిణీల్లో అయినా నేను వాటిని గుర్తుపడతాను. "ఇది నాదే! మా అమ్మ కుట్టింది!" అన్నాను, గట్టిగా. అమ్మ చేతికుట్టు చూసిన సంతోషమే తప్ప నాకు వేరే ఆలోచన లేదు. క్యూ మొత్తం తిరిగి చూసింది. ఆ పిల్ల పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. తినలేదు.

సాయంత్రం చూస్తే నా ట్రంకు పెట్టె మీద ఆ పరికిణీ మడతపెట్టి ఉంది. మడత మీద మడత, అంచులు కలిపి, బీరువాలో ఎలా ఉంటుందో అలాగే. మర్నాటి నుంచి తను యూనిఫారం ఒక్కటే వేసుకుంది, పగలూ రాత్రీ. రాత్రి ఉతుక్కుని తడిదే పొద్దున తొడుక్కునేది. నాకు అన్నం సహించలేదు. మూడో రోజు పరికిణీ పట్టుకుని కుట్టు హాలుకి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలిక అయ్యేది.

సిస్టర్ తన అంగీ అంచు తిప్పి చూపించింది. లోపల ఎర్రదారంతో 14 అని కుట్టి ఉంది. సిస్టర్ల బట్టలన్నీ ఒక్కచోట ఉతుకుతారు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఉండేది. "నా నంబరు ఎంత?" అంది. 31. రుమాళ్ళ మీద చూస్తూనే ఉండేవాళ్ళం. "14 ఎవరిదో నాకు తెలుసు. మేమిద్దరం ఒకే ఓడలో వచ్చాం. ఆమెను సమాధిలో పెట్టి 6 సంవత్సరాలు. ఈ అంగీ వేసుకుని నేను పూజకు వెళ్తే మదర్లు అందరూ చూస్తారు. ఎవరూ అనరు." అంతే. అంగీ సర్దుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను వెళ్ళిపోబోతుంటే పిలిచి, బీరువా తలుపు తీసి, "నీకు పరికిణీ తక్కువ ఉంది కదా, ఒకటి తీసుకో" అంది. ఎవరిదో ఆకుపచ్చ పువ్వుల పరికిణీ తీసుకున్నాను. మరుసటి ఆదివారం అది వేసుకుని భోజనానికి వెళ్ళాను. కాళ్ళు వణికాయి. డే స్కాలర్లెవరైనా వచ్చి ఇది మాదే అంటే? ఎవరూ అనలేదు. కానీ ఆ గంటసేపు నేను పడిన టెన్షన్ నాకు తెలుసు. వంకాయరంగు పరికిణీ మళ్ళీ ఎప్పుడు బీరువాలోకి చేరిందో, అక్కడి నుంచి ఎటు వెళ్ళిందో నేను చూడలేదు.

ఫిబ్రవరి 11న మమ్మల్ని గుణదల తిరునాళ్ళకి తీసుకెళ్ళారు. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు మరియమాత స్వరూపం నిలబెట్టినప్పటి నుంచి ఆ కొండకి జనం వస్తూనే ఉన్నారు. కొబ్బరికాయలు, అరటిపండ్లు, తలనీలాలు, అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. ఆ ఏడాది దివిసీమ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ కనబడ్డారు. కొండమీద సిలువ దాకా మెట్లెక్కుతుంటే ఆ పిల్లకి ఆయాసం వచ్చి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చాలాసేపయ్యాక, "ఇక్కడిదాకా నీళ్ళు రావు కదే?" అంది. రావన్నాను. "మా పెద్దతమ్ముడికి కొండ చూపిస్తానన్నా" అంది. నేను చెయ్యి పట్టుకున్నాను, విడిపించుకోలేదు. దిగేటప్పుడు ఇద్దరం కలిసి పావలా బఠాణీలు కొనుక్కుని తిన్నాం.

ఆ తర్వాత పదో తరగతి దాకా మా మంచాలు పక్కపక్కనే. శనివారాలు బియ్యం డబ్బాకి ఒక చెవి తనది, ఒక చెవి నాది. చూపులేని ముసలమ్మ తన చెయ్యి కూడా తడిమి, "నువ్వు ఏటివొడ్డు పిల్లవి" అనేది. 1979లో మదర్ థెరిసాకి నోబెల్ వచ్చిందని అసెంబ్లీలో చెప్పి సగం రోజు సెలవిచ్చారు. మేమిద్దరం కుట్టు హాలుకే వెళ్ళాం. సెలవుల్లో ఒకసారి వాళ్ళ ఊరు కూడా వెళ్ళాను, రేపల్లె దాకా రైలు, పెనుమూడి రేవులో పడవ. పడవలో తను ఒడ్డు చేరేదాకా కళ్ళు మూసుకుని నా భుజం పట్టుకుంది. ఇప్పుడు అక్కడ వంతెన ఉంది.

తను నర్సింగు చదివింది. నేను పెళ్ళి చేసుకుని విజయవాడ వచ్చాను. కుట్టు సిస్టర్ పోయిన కబురు ఉత్తరంలో తనే రాసింది. ఒక్క పేజీ, చివర "కళ్ళజోడు తీసి పక్కన పెట్టి పడుకుంది, అంతే" అని.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను వచ్చింది. కొబ్బరితోటలు నేలమట్టమైన ఫొటోలు చూసి మా వీధిలో బట్టలు పోగుచేశాను. తను అప్పటికి విజయవాడలోనే డ్యూటీ. సెలవు పెట్టి వచ్చింది. మా హాల్లో చాప పరిచి, హుక్కుల డబ్బా, దారపు ఉండలు మధ్యలో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. గదిలోకెళ్ళి తన నీలం పరికిణీ తెచ్చి మూటలో పడేసి ఆడుకోవడానికి పోయింది. నా స్నేహితురాలు దాన్ని తీసి ఒళ్ళో పరుచుకుంది. కింద టక్కు ఉంది, అమ్మ చూసి నేనూ నేర్చుకున్న టక్కు. కాస్త పెద్దపిల్లకి కూడా సరిపోతుందని విప్పింది. ముదురు నీలం గీత బయటపడింది. వేలితో ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరికి రాసి చూసింది.

"లేసు ఉందా ఏమైనా?" అంది.

కుట్టుపెట్టెలో తెల్ల లేసు రెండు గజాలుంటే ఇచ్చాను. గీత మీద సరిగ్గా ఆనించి, టాకాలు వేసి, తల ఎత్తకుండా చుట్టూ కుట్టేసింది. దారం పంటితో తెంపి, మడతపెట్టి, మూట అడుగున పెట్టింది.